ఫోబోస్ నుంచి భూమి దాకా: పాతికేళ్లు డూమ్ ఆడాక

నేను డూమ్ అనే కంప్యూటర్ షూటింగ్ ఆట మొదటిసారి ఆడింది 2000లో, నెల్లూరులో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో. గంటకు 30 రూపాయలు. అప్పటికే ఆ ఆట వచ్చి ఆరేళ్లు దాటిందని నాకు తెలీదు, కొత్త ఆటే అనుకున్నాను. అంగారకుడి చుట్టూ తిరిగే ఫోబోస్ అనే చిన్న చందమామ మీదికి చేతిలో ఒక్క పిస్తోలుతో దిగిన ఆ రోజు నుంచి ఈ సిరీస్‌ను నేను వదల్లేదు. ఆట వచ్చిన వారంలో రాసే రివ్యూలు బోలెడు ఉంటాయి. పాతికేళ్లు ఆడినవాడికి అందులో ఏం మిగిలిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా డాబా మీదికి కనిపిస్తుంది. అందుకని అంగారకుడి కథ అంటే నాకు మొదటి నుంచీ దగ్గరి విషయమే.

కథ చిన్నది. యూఏసీ అనే కంపెనీ అంగారకుడి రెండు చందమామలు ఫోబోస్, డైమోస్ మీద స్థావరాలు కట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి మనుషుల్ని క్షణంలో పంపే ద్వారాల మీద ప్రయోగాలు చేస్తుంది. ఆ ద్వారం నరకంలోకి తెరుచుకుంటుంది. అక్కడి రాక్షసులు ఇటు వచ్చేస్తారు. డైమోస్ ఆకాశంలోంచి మాయమైపోతుంది. మనం ఒక్కళ్లమే మిగిలిన సైనికుడు. 1993 డిసెంబరు 10న ఐడీ సాఫ్ట్‌వేర్ ఈ ఆటను విడుదల చేసినప్పుడు మొదటి భాగం ఉచితంగా పంచుకోవచ్చు, మిగతా రెండూ కొనుక్కోవాలి. మా సెంటర్‌లో ఉన్నది ఆ ఉచిత భాగం ఒక్కటే. కాబట్టి రెండేళ్ల పాటు నాకు డూమ్ అంటే ఫోబోస్ మాత్రమే.

ఆ ఫోబోస్ చివర ఏం జరుగుతుందో చెప్పాలి. ఇద్దరు పెద్ద రాక్షసుల్ని చంపుతాం. గోడలు కిందికి దిగుతాయి. ఎదురుగా ఒక ద్వారం. గెలిచామనుకుని అందులో అడుగు పెడితే చీకటి గదిలో తేలతాం, నాలుగు వైపుల నుంచీ మీద పడతారు, ప్రాణం పోయే దాకా వచ్చి ఆట ఆగిపోతుంది. నేనేదో తప్పు చేశానని దాదాపు పదిసార్లు మళ్లీ ఆడాను. తప్పు నాది కాదు. ఆ భాగం ముగింపే అది. ఇంటర్ చదివే వయసులో అది నన్ను కుదిపేసింది. హీరో గెలవకుండా ముగిసే కథ నేను అప్పటిదాకా చూడలేదు.

మిగతా రెండు భాగాలూ 2002లో ఒక స్నేహితుడు తెచ్చిన సీడీలో దొరికాయి. ఒక గ్రహం రాక్షసుల చేతికి చిక్కడం ఎలా ఉంటుందో ఈ ఆట మాటల్లో చెప్పదని, గోడలతో చెబుతుందని నాకు అప్పుడే అర్థమైంది. ఫోబోస్ మీద ఉన్నది మనుషులు కట్టిన చోటు. కంప్యూటర్లు, లైట్లు, పచ్చగా మెరిసే విషపు కాలువలు. ఎదురొచ్చి కాల్చేవాళ్లలో ఎక్కువమంది నిన్నటిదాకా మన పక్కన పనిచేసిన సైనికులే. డైమోస్ మీదికి వెళ్తే అదే స్థావరం, కానీ ఒక మలుపు తిరిగితే గోడ మీద రాతి దయ్యం ముఖం, ఇంకో గదికి వెళ్తే గోడే మాంసం ముద్దలా ఉంటుంది. లెవెల్‌కీ లెవెల్‌కీ మధ్య ఒక మ్యాప్ బొమ్మ వస్తుంది చూడండి, అందులో మనం ముందుకు పోయే కొద్దీ ఒక గోపురం లేస్తుంటుంది. మొదట్లో ఏమీ ఉండదు. తర్వాత పునాది, తర్వాత కొంచెం ఎత్తు. మనం అక్కడ పోరాడుతుండగానే వాళ్లు కట్టుకుంటున్నారన్నమాట. చివరి లెవెల్ ఆ గోపురమే, లోపల సైబర్‌డెమన్ అనే పెద్ద రాక్షసుడు ఎదురుచూస్తుంటాడు. దీని గురించి ఎవరూ మనకు ఒక్క ముక్క చెప్పరు. నేను గమనించడానికి మూడుసార్లు ఆడాల్సి వచ్చింది.

ఈ మధ్య ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు వచ్చి మూడో భాగం ఆడుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. రెండో లెవెల్లో దారి తప్పి ట్యాబ్ నొక్కి మ్యాప్ తెరిచాడు. "మామయ్యా, ఇదేంటి, చెయ్యిలా ఉంది?" అన్నాడు. అవును, ఆ నరకపు నేల మొత్తం ఒక అరచెయ్యి, అయిదు వేళ్లు. అప్పటిదాకా వాడు ఆ వేళ్లలోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు.

మూడో భాగం గెలిస్తే ఇల్లు చేరతామా అంటే అదీ లేదు. చివరి బొమ్మ మెల్లగా జరుగుతుంది, పచ్చిక కనిపిస్తుంది, హమ్మయ్య అనుకునేలోపు కర్రకు గుచ్చిన కుందేలు తల, దాని వెనక కాలుతున్న ఊరు. మన పెంపుడు కుందేలది. భూమి మీదికి కూడా వచ్చేశారని ఆ ఒక్క బొమ్మతో తెలుస్తుంది.

1994లో వచ్చిన డూమ్ 2 ఆ భూమి కథే. దీని మీద నాకు ప్రేమ ఉంది, ఫిర్యాదూ ఉంది. రెండు గొట్టాల షాట్‌గన్ ఇందులోనే వచ్చింది. చంపినవాళ్లను లేపి నిలబెట్టే ఆర్చ్‌వైల్ కూడా ఇందులోనే. అది ఎక్కడున్నా ముందు దాన్నే చూసుకోవాలి, లేకపోతే అరగంట కష్టం వృథా. కానీ నగరం అని చెప్పిన లెవెల్స్ నగరంలా ఉండవు. పెద్ద పెద్ద డబ్బాలు నిలబెట్టినట్టు ఉంటాయి. ఫోబోస్ పడిపోయిందంటే నమ్మాను, ఈ ఊరు పడిపోయిందంటే నమ్మలేకపోయాను, ఎందుకంటే ఇక్కడ మనుషులు బతికిన గుర్తే లేదు.

రాక్షసుల గురించి ఒక మాట. మన పురాణాల్లో రాక్షసుడికి తపస్సు ఉంటుంది, వరం ఉంటుంది, ఆ వరంలో ఒక సందు ఉంటుంది. వీళ్లకు అవేమీ లేవు, ఆకలి మాత్రమే ఉంది. అయితే ఒకడి దెబ్బ పొరపాటున ఇంకొకడికి తగిలితే వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు. మందుగుండు అయిపోయినప్పుడు నేను బతికింది చాలాసార్లు అలాగే. ఇద్దరి మధ్య నిలబడి పక్కకు తప్పుకోవడం, అంతే. ముప్పై ఏళ్ల నాటి ఆటలో ఇప్పటికీ బోరు కొట్టనిది ఇదే.

2004లో వచ్చిన డూమ్ 3 ఒక్కసారే పూర్తి చేశాను. అంతా చీకటి. టార్చి పట్టుకుంటే తుపాకీ ఉండదు, తుపాకీ పట్టుకుంటే టార్చి ఉండదు. మొదటి రెండు గంటలు నిజంగా భయపెడుతుంది, తర్వాత ప్రతి తలుపు వెనకా ఒకడుంటాడని తెలిసిపోతుంది.

2016లో వచ్చిన కొత్త డూమ్, 2020 మార్చి 20న వచ్చిన డూమ్ ఎటర్నల్ వేరే సంగతి. 2016 దాంట్లో అంగారకుడి మీది కంపెనీ, భూమికి కరెంటు కొరత తీర్చడానికి నరకం నుంచే శక్తిని తోడుకుంటుంది. ద్వారం పొరపాటున తెరుచుకోలేదు, లాభం ఉందని తెరిచి ఉంచారు. ఈ మార్పు నాకు చాలా నచ్చింది. పాత ఆటలో ప్రమాదం, ఇక్కడ దురాశ.

ఎటర్నల్ లాక్‌డౌన్ రోజుల్లో ఆడాను. దాదాపు 50 జీబీ డౌన్‌లోడ్‌కు నాలుగు రాత్రులు పట్టింది. అప్పుడు సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొన్నాను, ఆడుతుండగా స్క్రీన్ నల్లబడేది, అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. టెన్షన్ పడి ఫ్యాన్ మార్చుకున్నాక కుదిరింది. ఈ ఆటలో భూమి నిజంగా పడిపోయిన భూమిలా ఉంటుంది. కూలిన మేడల మీద మాంసం పాకి ఉంటుంది. నరకంలో నెక్రవోల్ అనే చోటు ఉంది, మనుషుల ఆత్మలను హింసించి ఆ శక్తిని పిండే కర్మాగారం. 2016 ఆటలో కంపెనీ గొప్పగా చెప్పుకున్న శక్తి ఇదే అని అక్కడ కళ్లారా చూస్తాం. నేను ఆ రాత్రి అక్కడే ఆపేసి లేచిపోయాను.

ఆర్జెంట్ డినూర్ అనే ఇంకో లోకం కథ కూడా ఉంది. యుద్ధంలో పోయిన కొడుకు తిరిగి బతుకుతాడని ఒక తండ్రి శత్రువులకు దారి ఇస్తాడు. వాళ్లు కొడుకును తిరిగి ఇస్తారు, కొండంత రాక్షసుడిగా మార్చి. పుత్రశోకం ఒక లోకాన్ని ముంచేసిందన్న కథ ఇది. ఇంత బలమైన కథను ఏరుకుని చదువుకోవాల్సిన పేజీల్లో పడేశారు. చాలామంది ఆ పేజీలు తెరవకుండానే ఆట పూర్తి చేస్తారు. గోపురం బొమ్మతో ఒక్క మాట లేకుండా చెప్పగలిగిన సిరీస్ ఇలా చేయడం నాకు బాధ.

పోరాటం మాత్రం ఇంత బాగా ఇంకే ఆటలోనూ లేదు. చేతులతో చంపితే హెల్త్, నిప్పు చల్లితే ఆర్మర్ (కవచం), చైన్‌సాతో కోస్తే తూటాలు దొరుకుతాయి. మూడూ వేళ్లకు అలవాటయ్యేదాకా నాలుగైదు గంటలు చాలా కష్టం. అప్పుడు వదిలేయకండి.

ఎటర్నల్‌లో ఫోబోస్ మీదికి మళ్లీ వెళ్తాం. కళ్ల ముందు అంగారకుడు నిండుగా ఉంటాడు, అక్కడి పెద్ద ఫిరంగితో ఆ గ్రహానికే చిల్లు పెడతాం. ఆ లెవెల్ ఆడిన కొన్ని వారాలకే, జులై 1న, మంగళయాన్ ఫోబోస్‌ను ఫొటో తీసింది, 4,200 కిలోమీటర్ల దూరం నుంచి. 2013 నవంబరు 5 మధ్యాహ్నం మా డాబా మీద నుంచి అది పైకి వెళ్లడం చూసినవాణ్ని. గుంటలు పడిన ఉర్లగడ్డలా ఉన్న ఆ రాయిని ఫోన్‌లో చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అక్కడ గాలి లేదు, కొండలు నిండిన ఆకాశం లేదు. అయినా ఆ నేల నాకు తెలుసనిపించింది.

2025లో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్ నా కంప్యూటర్ మీద నడవదు, రే ట్రేసింగ్ (వెలుగు నీడలను నిజంలా చూపించే పద్ధతి) ఉన్న గ్రాఫిక్స్ కార్డు కావాలి. బావమరిది ఇంట్లో ఆడాను. డాలు విసరడం బాగుంది, వేగం తగ్గింది. దాని మీద గట్టిగా తీర్పు చెప్పేంత ఆడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 2024 ఆగస్టులో మొదటి రెండు ఆటలూ కలిపి వచ్చిన దాన్ని కొనుక్కోండి, పాత కంప్యూటర్ చాలు. డబ్బు పెట్టలేకపోతే ఫ్రీడూమ్ ఉంది, అదే ఇంజన్ (ఆటను నడిపే ప్రోగ్రామ్) మీద అభిమానులు ఉచితంగా చేసినది. ఇంజన్ కోడ్‌ను 1997లోనే అందరికీ ఇచ్చేయడం వల్ల ఇదంతా సాధ్యమైంది. రక్తం ఎక్కువ కాబట్టి చిన్నపిల్లలకు ఇవ్వకండి. తల తిరిగేవాళ్లు సెట్టింగ్స్‌లో నడిచేటప్పుడు స్క్రీన్ ఊగడం ఆపేసుకోండి. అన్నిటికన్నా కష్టమైన నైట్‌మేర్ స్థాయి మాత్రం ముందే ముట్టుకోవద్దు, అందులో చచ్చినవాళ్లు మళ్లీ లేస్తారు. ఆ స్థాయిలో నేను ఫోబోస్ దాటాను. డైమోస్ మీద ఆ గోపురం సగం లేచేదాకానే చూశాను.