తుంగభద్ర గేట్లు: ఒక్కటి మారిస్తే సరిపోయేదా, 33 మార్చాల్సిందేనా?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఉన్న ఇనుప గేటు వరదలో కొట్టుకుపోయింది. డ్యాం అప్పటికి నిండుగా ఉంది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తేసి లక్ష క్యూసెక్కుల దాకా నదిలోకి వదిలారు. కాలువలకు రావాల్సిన నీళ్లు అలా కళ్లముందే పోతుంటే ఇటు అనంతపురం, కర్నూలు రైతులకూ అటు బళ్లారి రైతులకూ కంటిమీద కునుకు లేదు.

గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో ఆ ఖాళీని మూసిన తీరు చూసినవాళ్లు మర్చిపోలేరు. ఇనుప స్టాప్‌లాగ్ (గేటు స్థానంలో నీళ్లు ఆపే తాత్కాలిక అడ్డుపలక) ముక్కలు చేయించి, కింద నీళ్లు ఉరకలేస్తుండగానే క్రేన్లతో ఒకదాని మీద ఒకటి దింపారు. వారం రోజుల్లో నీళ్లు ఆగాయి. ఆ తర్వాత వానలు కురిసి డ్యాం మళ్లీ నిండింది కాబట్టి గండం గడిచింది.

అసలు ప్రశ్న అక్కడి నుంచే మొదలైంది. పోయిన గేటు ఒక్కటి పెట్టుకుంటే చాలదా?

చాలదనే నా అభిప్రాయం. డ్యాం 1953లో పూర్తయింది. 33 గేట్లూ ఆ కాలం నాటివే, అదే నీళ్లలో అన్నేళ్లూ నానినవే. 19వ గేటు గొలుసు తెగిందంటే 18, 20 గేట్ల గొలుసులు గట్టిగా ఉన్నాయని ఏ ధైర్యంతో అనుకోవాలి? పరిశీలించిన నిపుణులు కూడా అన్నిటికీ కాలం తీరిందనే చెప్పారు. 2025 వానాకాలంలో మరికొన్ని గేట్లు సరిగా లేవడం లేదన్న వార్త వచ్చింది. ఒక్క గేటే మార్చడం ఖర్చు తక్కువ పనే, కానీ ప్రతి వరదకూ అదే టెన్షన్.

దానికి కట్టే మూల్యం కూడా చిన్నదేం కాదు. పూర్తి నిల్వ 105.788 టీఎంసీలైతే, 2025లో భయంతో 80 దగ్గరే ఆపారు. అంటే పాతిక టీఎంసీలు వదులుకున్నట్టే. టీఎంసీకి పదివేల ఎకరాలని ఊళ్లలో చెప్పుకునే లెక్క వేసుకోండి. పూడిక వల్ల ఇప్పటికే నిల్వ తగ్గిపోయిన డ్యాం అది.

ఏడాదికి కొన్ని గేట్ల చొప్పున మార్చుకుంటూ పోవడం రెండో దారి. వినడానికి ఇదే బాగుంటుంది, రైతుకు పంట పోదు. చిక్కంతా నీటిమట్టంతోనే. నిండు మట్టం 1633 అడుగులు, గేట్ల అడుగుభాగం 1613 దగ్గర. నీళ్లు అంతకన్నా కిందికి దిగితే గానీ గేటు ఊడదీయలేరు. గేటు ముందు స్టాప్‌లాగ్ దించి నీళ్లు ఆపుకునే ఏర్పాటు పాత డిజైన్‌లోనే లేదు. రెండో పంటకు నీళ్లివ్వాలంటే వాటిని డ్యాంలో నిలబెట్టుకోవాలి, అవి కాలువల్లోకి వెళ్లేసరికి ఎండాకాలం సగం అయిపోతుంది. ఆపైన జూన్, మళ్లీ వరద. అంత తక్కువ వ్యవధిలో ఏటా నాలుగైదు గేట్లంటే 33 పూర్తయ్యేసరికి ఏడెనిమిదేళ్లు. అన్నేళ్లు పాత గొలుసులు ఆగుతాయన్న భరోసా ఎక్కడుంది?

అందుకే 2025 చివర్లో తీసుకున్న నిర్ణయం, అంటే రెండో పంటకు నీళ్లు ఆపి గేట్లన్నీ మార్చడం, నాకు సరైనదనిపిస్తుంది. ఒక పంట పోతుంది, నిజమే. కానీ నిండు డ్యాంలో ఇంకో గేటు కొట్టుకుపోతే మొదటి పంటకే దిక్కుండదు. పైగా ఈసారి వారంలో మూయగలిగారు, వచ్చేసారి వాన మళ్లీ కురిసి డ్యాం నింపుతుందా?

అయితే రెండు విషయాల్లో పట్టుబట్టాలి. కొత్త గేట్లతో పాటు స్టాప్‌లాగ్ ఏర్పాటూ ఉండాలి, లేకపోతే రేపు చిన్న రిపేరుకు కూడా డ్యాం ఖాళీ చేయాల్సిందే. రెండోది రైతు సంగతి. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ మూడు రాష్ట్రాల నీళ్లివి. హెచ్చెల్సీ (ఎగువ కాలువ), ఎల్లెల్సీ (దిగువ కాలువ), ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కింద కౌలుకు చేసేవాళ్లు ఏడాది కౌలు ముందే కట్టేసి ఉంటారు. రెండో పంట లేదంటే ఆ డబ్బు మునిగినట్టే. పరిహారం పొలం యజమాని ఖాతాలో వేసి ఊరుకుంటే వీళ్లకు పైసా అందదు. ఇలాంటి విరామం మళ్లీ ఎప్పుడైనా తప్పనిసరైతే ఆ మాట కౌలు ఒప్పందాలు కుదరకముందే, ఊరూరా దండోరా వేసి చెప్పాలి.