1988లో కొన్న రెండు బ్యాండ్ల రేడియో, ఇంకా పలుకుతోంది

మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరికాయల డబ్బులొచ్చినప్పుడు నాన్నగారు కొన్నారు ఈ సెట్టు. 96 నవంబరు తుపానుకి కరెంటు లేని రోజుల్లో మా వీధిలో వాళ్లంతా మా అరుగు మీద కూర్చుని విన్నది దీన్నే, అందుకే దీని గురించి నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది.

వాడినన్నాళ్లూ దీనికి పెద్ద జబ్బేమీ రాలేదు. పాడైంది వాడకం మానేశాకే. టీవీ మోజులో పడి, సెల్లు కూడా తియ్యకుండా (తప్పు నాదే) అటకెక్కించి ఆరేళ్ల తర్వాత దించితే, సెల్లు కారిపోయి స్ప్రింగులు చిలుము పట్టి, ఒక తీగ ముట్టుకోగానే చేతిలోకి ఊడొచ్చింది. అసలే ఉప్పు గాలి, పైగా వానాకాలం చెమ్మ, మా వైపు ఇనుప మేకే నిలవదు.

స్ప్రింగులు మార్పించాక పలికింది గానీ సౌండు పెంచితే సఖినేటిపల్లి రేవులో పంటు ఇంజనులాగ టకటకమని ఒకటే మోత. మెకానిక్ చూసి కండెన్సర్లు ఎండిపోయాయన్నాడు. వాటి లోపల ద్రవంలో నానిన కాగితం ఉంటుందట, ఏళ్లు గడిచేకొద్దీ ఆ తడి ఆరిపోతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు దాదాపు సగం. రేడియో పెద్దగా వేడెక్కదు కాబట్టి ఇన్నేళ్లొచ్చాయి, అదే కండెన్సరు ఎల్ఈడీ బల్బు మెడలో ఉంటే ఉడికిపోతుంది. నాలుగు మార్చాడు. ట్రాన్సిస్టర్లు మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు, అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే. వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగర స్ప్రే కొట్టగానే పోయింది.

పెన్‌డ్రైవ్ పెట్టుకునే రేడియో కూడా ఒకటి కొన్నాను. మూడో ఏడే లోపలి బ్యాటరీ ఉబ్బి డబ్బా నెర్రె విచ్చింది. అలాంటి బ్యాటరీ మా ఊళ్లో దొరకలేదు. దీనికైతే సెల్లు కిరాణా కొట్లో దొరుకుతాయి.

ఒక్క ఇబ్బంది ఉంది. ఇంట్లో ఎల్ఈడీ లైట్లు, ఫోన్ చార్జర్లు వచ్చాక మీడియం వేవ్‌లో విజయవాడ ఆకాశవాణి, అదే 837 కిలోహెర్ట్జ్ స్టేషను, జుయ్యిమని రొదలో కలిసిపోతోంది. సెట్టు ముసలిదైపోయిందనుకుని మళ్లీ మెకానిక్ దగ్గరికి మోశాను కూడా, అక్కడేమో శుభ్రంగా పలికింది. ఇప్పుడు సాయంత్రాలు కొబ్బరి తోటలోకి పట్టుకెళ్లి, గొంతు తేటపడే దాకా సెట్టుని అటూ ఇటూ తిప్పుకుని వింటున్నాను. కరెంటు పోయిన రోజున ఆ శ్రమ కూడా లేదు, అరుగు మీదే చక్కగా వినిపిస్తుంది.