సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్: గేర్‌బాక్స్‌తో కొన్నేళ్ళు వేగాక

నేను వాడుతున్నది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్. సీవీటీ, డీసీటీ, ఏఎంటీ లాంటి వేరే రకం ఆటోమేటిక్‌లు ఉన్నవాళ్ళకు ఇందులో చాలా భాగం పనికిరాదు. ఆయిల్ సంగతైతే అస్సలు పనికిరాదు, వాటి ఆయిళ్ళే వేరు. కారు నా చేతికి వచ్చేసరికే లక్ష కిలోమీటర్లు దాటేసింది. ఇంజన్, ఏసీ, సస్పెన్షన్ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. తిప్పలన్నీ గేర్‌బాక్స్‌తోనే. అయినా ఇప్పటికీ అదే బాక్స్, ఒక్కసారి కూడా కిందికి దించకుండా నడుస్తోంది.

మొదట కనిపించింది వణుకు. అరవై నుంచి ఎనభై స్పీడ్ మధ్య, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి సాఫీగా పోతున్నప్పుడు కారంతా సన్నగా అదిరేది. గట్టిగా తొక్కితే పోయేది, కాలు తీసేసినా పోయేది. చూపించిన మొదటి షెడ్‌లో కారు నడిపి కూడా చూడకుండా "బాక్స్ పోయింది సార్, దించాల్సిందే" అన్నారు. ఇంకోచోట స్పార్క్ ప్లగ్గులు మార్చమన్నారు. ఆ రెండో మాట పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు, ఎందుకంటే ఇంజన్ మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం) కూడా అచ్చం ఇలాగే అనిపిస్తుంది. రెండింటినీ విడదీయడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. వెనక బండ్లు లేని రోడ్డు మీద, వణుకు వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను బ్రేక్ లైటు వెలిగేంత మాత్రం తాకాలి. బ్రేక్ సిగ్నల్ అందగానే టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను నేరుగా కలిపి పట్టుకునే లాకప్ క్లచ్ విడిపోతుంది, ఆర్‌పీఎం కొద్దిగా పైకి లేస్తుంది. ఆ క్షణంలోనే వణుకు ఆగిపోతే అనుమానం లాకప్ క్లచ్ మీదికి పోతుంది. ఆగకపోతే ప్లగ్గులు, కాయిళ్ళు చూసుకోవాలి. నా కారులో టక్కున ఆగింది.

తర్వాత కారు కంప్యూటర్లలోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించాను. పి0700, పి0741 అనే కోడ్లు వచ్చాయి. పి0700 చూసి టెన్షన్ పడక్కర్లేదు. "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, అక్కడ చూడండి" అని ఇంజన్ కంప్యూటర్ చెప్పే కబురు అది, అంతే. చౌకరకం స్కానర్లు చాలావరకు దాని దగ్గరే ఆగిపోతాయి. గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను కూడా చదవగలిగే స్కానర్ ఉంటేనే అసలు కోడ్ బయటపడుతుంది. పి0741 అంటే లాకప్ క్లచ్ సరిగ్గా పట్టడం లేదని. కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒక రికార్డు ఉంటుంది, కోడ్ పడినప్పటి స్పీడ్, ఆర్‌పీఎం, టెంపరేచర్ అందులో దొరుకుతాయి. చాలామంది కోడ్ చూస్తారు, చెరిపేస్తారు, పంపించేస్తారు. చెరిపితే ఈ రికార్డు కూడా పోతుంది. అందుకే చెరిపే ముందు ఆ స్క్రీన్‌ను ఫోటో తీసి పెట్టుకుంటాను. ఏం జరిగిందన్నది ఎలాగూ నాకు తెలుసు. ఎప్పుడు జరిగిందో తెలిస్తేనే సగం రిపేరు అయినట్టు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరు నుంచి ఏ గేరుకు మారుతుండగా? కాలు నొక్కుతుంటేనా, తీస్తుంటేనా? "జర్క్ ఇస్తోంది" అని మాత్రం చెబితే ఎంత మంచి మెకానిక్ అయినా ఊహించే చెప్పాలి.

ఆయిల్ తీయిస్తే ఎర్రగా ఉండాల్సింది నల్లటి గోధుమ రంగులో ఉంది. మాడు వాసన మాత్రం లేదు. బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పి, అందులో లోహపు పొడిని పట్టే అయస్కాంతాలు చూశాం. బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉంది, అది మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలో, రేకుల్లాంటివో కనిపించి ఉంటే కథ వేరేలా ఉండేది. పాలు కలిపినట్టు గులాబీ రంగుకు తిరిగి ఉంటే రేడియేటర్ లోపల కూలెంట్ ఆయిల్‌లో కలుస్తున్నట్టు, అది వెంటనే ఆపాల్సిన విషయం.

డ్రెయిన్ బోల్టు తీస్తే ఉన్న ఆయిల్ అంతా రాదు, దాదాపు సగమే దిగుతుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. అంటే ఒకసారి మారిస్తే లోపల సగమే కొత్తది, రెండోసారికి ముప్పావు, మూడోసారికి ఎనభై ఏడు శాతం. నేను మధ్యమధ్యలో కొన్నాళ్ళు నడుపుతూ మూడు విడతలుగా మార్పించాను. మెషిన్ పెట్టి ఒకేసారి ఫ్లష్ చేస్తామన్నారు కానీ అన్నేళ్ళ పాత ఆయిల్ ఉన్న బాక్స్‌కు అంత తొందర అనవసరం అనిపించింది. రెండో విడత తర్వాతే వణుకు బాగా తగ్గింది. ఆయిల్‌లో ఉండే ఫ్రిక్షన్ మాడిఫయర్లు (క్లచ్ సాఫీగా పట్టడానికి కలిపే రసాయనాలు) అరిగిపోతే లాకప్ క్లచ్ జారుతూ, పట్టుకుంటూ ఉంటుంది, ఆ అదురు అదే. క్లచ్ లైనింగే కాలిపోయి ఉంటే ఏ ఆయిల్ పోసినా లాభం ఉండేది కాదు.

"ఈ బాక్స్‌లో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు" అనే మాట చాలా చోట్ల వింటాం. ఎవరి జీవితాంతమో మాత్రం చెప్పరు. గేర్‌బాక్సులు తయారు చేసే జడ్‌ఎఫ్ సంస్థే తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్ళలోపు ఆయిల్ మార్చమంటుంది.

ఆయిల్ లెవెల్ చూసే పద్ధతి మీద మాత్రం మొహమాటపడకుండా మెకానిక్ పక్కనే నిలబడాలి. నా బాక్స్‌కు డిప్‌స్టిక్ (ముంచి లెవెల్ చూసే పుల్ల) లేదు. కారు సమతలంగా ఉండాలి, ఇంజన్ నడుస్తూ ఉండాలి, ఆయిల్ కంపెనీ చెప్పిన టెంపరేచర్‌కు రావాలి, అప్పుడు ఓవర్‌ఫ్లో బోల్టు విప్పితే సన్నటి ధార వచ్చి ఆగిపోవాలి. ఆయిల్ మరీ వేడెక్కాక చూస్తే తక్కువ పోసినట్టవుతుంది, చల్లగా ఉండగానే చూస్తే ఎక్కువ. టెంపరేచర్ స్కానర్‌లో చూడాలి. చెయ్యి పెట్టి "వేడెక్కింది సార్" అనే చోట ఈ పని చేయించుకోలేదు.

ఏడాది పైగా ప్రశాంతంగా గడిచాక ఇంకోటి మొదలైంది. ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైటు వెలగడం, కారు ఒకే గేరులో ఇరుక్కోవడం. లింప్ మోడ్ అంటారు, బాక్స్ తనను తాను కాపాడుకునే పద్ధతి. ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలే. ఈసారి కోడ్ పి0753. షిఫ్ట్ సొలెనాయిడ్ ఎ (గేర్లు మార్చడానికి ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్), ఎలక్ట్రికల్ లోపం. దీనికి పక్కనే పి0751 ఉంటుంది, అదే సొలెనాయిడ్ సరిగ్గా పనిచేయడం లేదని. రెండింటికీ తేడా చాలా ఉంది. పి0751 అయితే ఆయిల్‌ను ఎటు పంపాలో నడిపించే వాల్వ్ బాడీలో ఏదో ఇరుక్కుందేమో చూడాలి. పి0753 అయితే ముందు వైర్లు, కనెక్టర్. షెడ్‌లో వాల్వ్ బాడీ మొత్తం మార్చేద్దామన్నారు. ముందు కనెక్టర్ విప్పమని పట్టుబట్టాను. పిన్నుల నిండా ఆయిల్, ఒక పిన్ను పచ్చబడింది. శుభ్రం చేసి, పిన్ను, సీలు మార్చాక ఆ కోడ్ మళ్ళీ రాలేదు. బ్యాటరీ నీరసించినా ఇలాంటి వింత కోడ్లు వస్తాయి కాబట్టి ఓల్టేజ్ కూడా చూడడం మంచిది.

ఇంకో ఇబ్బంది, డి (డ్రైవ్) లోకి వేయగానే "దబ్" మనే చప్పుడు. అది గేర్‌బాక్స్‌ది కానే కాదు, ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్ చిరిగింది. బానెట్ ఎత్తి, ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి డి, ఆర్ (రివర్స్) మారుస్తుంటే పక్కనుంచి చూస్తే ఇంజన్ ఎగరడం కనిపించింది. ముందు మాత్రం నిలబడకూడదు.

ఇక పోనిది ఒకటుంది. రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున్నే రివర్స్‌లో వేస్తే పట్టడానికి ఒకటిన్నర సెకను దాకా పడుతుంది. వేడెక్కాక ఆ ఆలస్యం ఉండదు. లెవెల్ సరిగ్గానే ఉంది కాబట్టి లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడ్డాయని స్పెషలిస్ట్ అంచనా. దాని కోసం బాక్స్ దించడం నాకు ఇష్టం లేదు. పట్టిందని తెలిసేదాకా ఆగి, ఆ తర్వాతే యాక్సిలరేటర్ తొక్కుతున్నాను. పట్టకముందే తొక్కితే క్లచ్చులు కాలతాయి.

నడపడంలో హాయి గురించి ఫిర్యాదు లేదు. ట్రాఫిక్‌లో మాన్యువల్ కారుకు తిరిగి వెళ్ళాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇలాంటి పాత ఆటోమేటిక్ కొనేవాళ్ళు కారును ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టొద్దని అమ్మేవాళ్ళకు చెప్పాలి. చల్లటి స్టార్ట్ ఒకసారి, అరగంట నడిపాక వేడి మీద ఇంకోసారి, రెండూ చూడాలి. పి0741 మళ్ళీ వస్తే మాత్రం ఇక ఆయిల్‌తో కాలయాపన చేయను, టార్క్ కన్వర్టర్, సీళ్ళు రెండూ ఒకేసారి చేయిస్తాను. ఎలాగూ బాక్స్ దించక తప్పదు కదా.