అమెరికాలో రోబోకాల్స్‌పై కేసు: ఫెడరల్ చట్టమా, రాష్ట్ర చట్టమా? ఏది మేలు?

యంత్రాలతో చేసే అమ్మకపు కాల్స్ (రోబోకాల్స్) విసిగిస్తుంటే, టెక్సస్‌లోని డాలస్‌లో ఉన్నా, ఫ్లోరిడాలోని టాంపాలో ఉన్నా ముందుగా ‘నాకు అమ్మకపు కాల్స్ వద్దు’ అని చెప్పే నేషనల్ డు నాట్ కాల్ జాబితాలో నంబరు నమోదు చేసుకోండి. ఉచితం, గడువు తీరదు. 31 రోజులు దాటాక కూడా అమ్మకపు కాల్స్ వస్తే ఈ జాబితాను నడిపే ఫెడరల్ వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీకి ఫిర్యాదు చేయొచ్చు. కాకపోతే ఎఫ్‌టీసీ విడివిడి ఫిర్యాదులు పరిష్కరించదు, మీ చేతికి పైసా రాదు. పరిహారం కావాలంటే కోర్టుకెళ్లాల్సిందే.

కాల్‌లో వినిపించింది రికార్డు చేసిన గొంతైతే 1991 నాటి ఫెడరల్ చట్టం టీసీపీఏ (టెలిఫోన్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్) మేలు. అనుమతి లేని ప్రతి కాల్‌కు 500 డాలర్లు, తెలిసీ చేశారని రుజువైతే 1,500 దాకా. ఏఐ గొంతూ ఇందులోకే వస్తుందని 2024 ఫిబ్రవరిలో ఫెడరల్ టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చింది. మనిషే మాట్లాడితే మాత్రం డు నాట్ కాల్ జాబితాలో నమోదైన నంబరుకు ఒకే సంస్థ 12 నెలల్లో ఒకటికి మించి కాల్ చేసి ఉండాలి. ‘ఆటోడయలర్ (యాదృచ్ఛికంగా లేదా వరుసగా నంబర్లు పుట్టించి డయల్ చేసే యంత్రం) వాడారు’ అన్న వాదన మీద ఆశ పెట్టుకోవద్దు. 2021లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఫేస్‌బుక్ వర్సెస్ డుగిడ్ తీర్పు దాని నడుం విరిచింది: తమ దగ్గరున్న జాబితాలోంచి నంబర్లు తీసి డయల్ చేసినంత మాత్రాన అది ఆటోడయలర్ కాదు.

ఆ సందును కొంత పూడ్చేది ఫ్లోరిడా చట్టం. యాదృచ్ఛికంగా నంబర్లు పుట్టించాలన్న షరతు అందులో లేదు. ఒకే విషయంపై 24 గంటల్లో మూడు కాల్స్ మించకూడదు. ఫెడరల్ నియమం రాత్రి 9 దాకా ఒప్పుకుంటే, ఇక్కడ 8కే ఆపాలి. అయితే 2023 సవరణ దీని పళ్లు కొన్ని పీకింది. మెసేజ్‌ల మీద దావా వేయాలంటే ముందు ‘స్టాప్’ అని జవాబిచ్చి, 15 రోజులు ఆగాలి. ఆ తర్వాతా పంపితేనే కేసు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

టెక్సస్ దారి వేరు. ఫోన్‌లో అమ్మేవాళ్లు రాష్ట్ర అధికారి అయిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర నమోదై, 10,000 డాలర్ల పూచీ కట్టాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి మెసేజ్‌లూ ఈ చట్టం కిందికొచ్చాయి. నమోదు లేకపోవడమే ఉల్లంఘన. కానీ బ్యాంకుల్లాంటి వాటికి, పాత కస్టమర్లకు కాల్ చేసే స్థిరపడిన వ్యాపారాలకు మినహాయింపులున్నాయి. అవి చూడకుండా దావా వేస్తే ఫీజు దండగ.

ఫెడరల్ చట్టాన్నీ, మీ రాష్ట్ర చట్టాన్నీ ఒకే దావాలో పెట్టొచ్చు. స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాలు వినే కోర్టు) పరిమితి టెక్సస్‌లో 20,000 డాలర్లు, ఫ్లోరిడాలో 8,000. అసలు చిక్కు చట్టంలో కాదు, ప్రతివాది ఎవరో తేల్చడంలో. తెరమీద కనబడే నంబరు నకిలీ కావచ్చు. అందుకే కంపెనీ పేరు, వెబ్‌సైటు అడిగి రాసుకోండి. తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి, వాయిస్‌మెయిల్ చెరపకండి. టెక్సస్‌లో మీ కాల్ మీరు రికార్డు చేసుకోవచ్చు. ఫ్లోరిడాలో అవతలివాళ్ల ఒప్పుకోలు లేకుండా చేస్తే నేరం మీ మీదికే వస్తుంది.

పేరూ ఊరూ లేని మోసగాళ్ల కాల్ అయితే ఏ చట్టమూ అక్కరకు రాదు. ‘1 నొక్కండి’ అన్నా నొక్కకుండా పెట్టేసి, నంబరు బ్లాక్ చేయండి.