కూలెంట్ తగ్గిపోయే పాత కారుకి ప్రెషర్ టెస్టర్: ఏళ్ల తరబడి వాడాక

కింద చూస్తే ఒక్క చుక్క ఉండదు. కానీ నాలుగు రోజులు తిరిగేసరికి రిజర్వ్ బాటిల్‌లో కూలెంట్ కింది గీత దాటిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. మా పాత పెట్రోల్ కారు ఈ వరస మొదలుపెట్టినప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట: ‘హెడ్ గాస్కెట్ పోయుంటుంది’. అంటే ఇంజిన్ బ్లాక్‌కీ, పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే సీలు. దాని కోసం హెడ్ విప్పడం చిన్న పని కాదు కాబట్టి, దానికన్నా ముందు కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ కిట్ ఒకటి కొన్నాను. అప్పటి నుంచి మా బండికీ, తెలిసినవాళ్ల బళ్లకీ అదే వాడుతున్నాను.

కిట్‌లో పెద్దగా ఏమీ ఉండదు. గేజ్ ఉన్న చేతిపంపు, ఒక గొట్టం, రకరకాల రేడియేటర్ మూతులకు సరిపోయే అడాప్టర్లు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక క్యాప్ తీసి, ఆ చోట అడాప్టర్ బిగించి, క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా పంపు కొట్టాలి. చాలా కార్లకు అది 0.9 నుంచి 1.1 బార్, అంటే 13 నుంచి 16 పీఎస్ఐ. అంతకు మించి కొడితే పాత హోస్‌లు కొత్తగా పగలొచ్చు.

దీని అసలు లాభం చల్లని ఇంజిన్ మీద వెతకగలగడం. వేడి ఇంజిన్ మీద సన్నగా కారేది నేల దాకా రాకుండానే ఆవిరైపోతుంది, ఎండిన మరక తప్ప ఏమీ మిగలదు. చల్లగా ఉన్నప్పుడు అదే ప్రెషర్ పెడితే కారింది కారినట్టే ఉంటుంది. ఫ్యాన్ తిరగదు, చెయ్యి కాలదు, టార్చ్ పట్టుకుని ఎంతసేపైనా చూడొచ్చు.

మా కారులో టెస్టర్ గేజ్ ముల్లు ఒక్కసారిగా పడిపోలేదు, మెల్లగా జారింది. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌ని కలిసే అంచు దగ్గర, ఫ్యాన్ కవర్ వెనక, చెమట పట్టినట్టు తడి. వేలితో తుడిస్తే కాసేపటికి అక్కడే మళ్లీ చిన్న బొట్టు. రేడియేటర్ మార్చి, మళ్లీ పంపు కొట్టి వదిలేస్తే ముల్లు ఇంకా దిగుతూనే ఉంది. బానెట్ కింద ఎక్కడా తడి లేదు. ముందు సీటు దగ్గర కార్పెట్ ఎత్తితే కింద ఫోమ్ తడిసి ముద్దయి ఉంది, తియ్యటి వాసన. హీటర్ కోర్, అంటే కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్! ముందు అద్దానికి లోపలివైపు ఎంత తుడిచినా మళ్లీ జిడ్డు పొర ఎందుకు పడుతోందో కూడా దాంతో తేలిపోయింది.

ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది మాత్రం క్యాప్‌ని పరీక్షించే చిన్న అడాప్టర్. నీళ్లతో సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, 15 పీఎస్ఐ ఒత్తిడిలో 129 దాకా ఓర్చుకుంటుంది. స్ప్రింగ్ బలం తగ్గిన క్యాప్ ముందే తెరుచుకుంటే లీక్ ఏమీ లేకపోయినా కూలెంట్ మరిగి, బాటిల్‌లోకి తన్ని, అక్కడి నుంచి బయటికి పోతుంది. నేను చూసిన ‘కారణం తెలియని’ కేసుల్లో కొన్ని కొత్త క్యాప్‌తోనే సర్దుకున్నాయి. ఇంజిన్ చల్లారాక పై హోస్ లోపలికి పీక్కుపోయి ఉంటే అది కూడా చాలాసార్లు క్యాప్ పనే, లోపలి వాక్యూమ్ వాల్వ్ తెరుచుకోవట్లేదని అర్థం.

హెడ్ గాస్కెట్ విషయంలో ఈ పంపు ఒక్కదాన్నే నమ్మను. కొన్ని గాస్కెట్లు వేడెక్కితేనే వదులుతాయి, చల్లగా ఉన్నప్పుడు ముల్లు కదలదు. అందుకే బ్లాక్ టెస్టర్ కూడా పెట్టుకున్నాను. రేడియేటర్ మూతి దగ్గర గాలిని నీలం ద్రవం గుండా లాగితే, అందులో ఇంజిన్ మంట గ్యాస్ ఉన్నప్పుడు ద్రవం పసుపు రంగుకి (డీజిల్ అయితే ఆకుపచ్చకి) తిరుగుతుంది. ముందు కాస్త కూలెంట్ తీసి మట్టం తగ్గించాలి, లేకపోతే అదే లోపలికి వచ్చి టెస్ట్ పాడవుతుంది. లీక్ ఆపే పొడులు, ద్రవాలు మాత్రం నేను పోయను. చిల్లు మూసుకుపోతుందో లేదో గానీ, హీటర్ కోర్ సన్న గొట్టాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ఇబ్బందులూ ఉన్నాయి. గొట్టం కప్లింగ్‌లో రబ్బరు రింగు గట్టిపడి అక్కడే గాలి వదలడం మొదలైంది. ఇప్పుడు బండికి పెట్టేముందు ఒక మంచి క్యాప్‌కి తగిలించి, ముల్లు నిలబడుతుందో లేదో చూస్తాను. గేజ్ స్కేలు 35 పీఎస్ఐ దాకా ఉండటంతో ఒకటి అర తగ్గితే కంటికి ఆనదు, అద్దం మీద మార్కర్‌తో గీత పెడతాను. స్క్రూ మూత ఉండే బాటిళ్లలో కొన్నింటికి అడాప్టర్ విడిగా కొనాల్సి వచ్చింది. థర్మోస్టాట్ బిగుసుకుపోయినా, ఫ్యాన్ రిలే పోయినా ఈ కిట్ ఏమీ చెప్పదు.

ఒక స్నేహితుడి పాత డీజిల్ వ్యాన్‌కి ముల్లు దిగేది, బయట తడి లేదు, ఆయిల్ శుభ్రం, బ్లాక్ టెస్టర్ ద్రవం నీలంగానే ఉంది. ఎగ్జాస్ట్‌లో తెల్ల పొగ మాత్రం ఆగేది కాదు. షెడ్డులో హెడ్ దించేద్దామన్నారు. ముందు ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్ గ్యాస్‌ని కూలెంట్‌తో చల్లబరిచే భాగం) విప్పించాం. ఎగ్జాస్ట్ వెళ్లే వైపు మసి అంతా కూలెంట్‌తో తడిసి బురదలా ఉంది. హెడ్ జోలికి వెళ్లలేదు.