పాహోం నేల, కీనో ముత్యం

ఆశ మనిషిని ఎలా తినేస్తుందో చూపే కథల్లో నాకు బాగా గుర్తుండిపోయినవి రెండు: టాల్‌స్టాయ్ 1886లో రాసిన ‘మనిషికి ఎంత నేల కావాలి?’, 1947లో పుస్తకంగా వచ్చిన అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ ‘ముత్యం’.

పాహోం రైతు. రష్యా మైదానాల్లో పశువులు మేపుకునే బష్కీర్లతో అతని బేరం సూటిగా ఉంటుంది: వెయ్యి రూబుళ్లకు, ఒక్క రోజులో ఎంత నేల చుట్టివస్తే అంతా అతనిదే. పొద్దు గుంకేలోగా బయల్దేరిన చోటికి చేరాలి, అంతే. వెనక నుంచి ఎవరూ తరమలేదు. ఆ పల్లంలో అవిసె బాగా పండుతుందని ఇంకాస్త దూరం నడిచాడు. చేరాడు, చేరగానే కుప్పకూలి ప్రాణం విడిచాడు.

సముద్రంలో మునిగి ముత్యాలు ఏరే పేదవాడు కీనో సంగతి వేరు. తేలు కుట్టిన బిడ్డను తెస్తే, డబ్బు లేదని డాక్టర్ గుమ్మంలోంచే తిప్పి పంపాడు. పెద్ద ముత్యం దొరికిందని తెలిసిందో లేదో, అదే డాక్టర్ ఇంటికి నడిచొచ్చాడు! ముత్యాలు కొనేవాళ్లంతా లోపాయికారీగా ఒక్కటే. బిడ్డకు చదువు, తనకో తుపాకీ కోరుకోవడం అత్యాశా? నేనైతే అనలేను. కానీ ముత్యాన్ని సముద్రంలో విసిరేయబోయిన భార్య హువానాను అతను కొట్టాడు చూడండి, అక్కడ భయమేసింది. చివరికి తరుముకొచ్చినవాళ్ల తుపాకీ గుండుకు బిడ్డే పోయాడు.

కథ బిగువులో టాల్‌స్టాయ్‌దే పైచేయి. నిద్రపట్టనివ్వనిది మాత్రం ‘ముత్యం’. అందులో ఆశ ఊరందరిదీ, బలైంది ఒక్క ఇల్లు.