చెవి వెనక మిషన్: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

నేను వాడుతున్నది చెవి వెనక కూర్చునే డిజిటల్ వినికిడి మిషన్. సన్నటి వైరు చివర ఉండే రిసీవర్, అంటే బుల్లి స్పీకరు, చెవిలోకి వెళ్తుంది, దానికి డోమ్ అనే మెత్తటి సిలికాన్ టోపీ తొడిగి ఉంటుంది. నా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) గీత 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్‌లో మొదలై, 4000కి వచ్చేసరికి 70కి జారుతుంది. హెర్ట్జ్ శబ్దం ఎంత సన్ననిదో చెబుతుంది, డెసిబెల్స్ అది వినపడాలంటే ఎంత పెద్దగా ఉండాలో చెబుతాయి. ఇలా వాలుగా జారే గీత ఉన్నవాళ్లకే ఈ సమీక్ష పూర్తిగా పనికొస్తుంది.

మిషన్ తీసేస్తే ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లకు తెలియాలి. మాట వినపడుతుంది, ఏమన్నారో తెలియదు. అచ్చుల బలం ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, అంటే తక్కువ హెర్ట్జ్ దగ్గర, ఉంటుంది కాబట్టి అవి బాగానే అందుతాయి. క, త, ప, స వంటి హల్లుల్ని విడదీసి చెప్పే సన్నటి చప్పుళ్లు చాలావరకు 2000 హెర్ట్జ్ పైన ఉంటాయి. అవి రాలిపోతే 'అక్క', 'అత్త', 'అప్ప' మూడూ ఒకటే. 'సారు' అంటే 'ఆరు' అని వినపడుతుంది. గొంతు ఎవరిదో, కోపంగా ఉన్నారో లేదో మాత్రం తెలుస్తూనే ఉంటుంది. అందుకే 'తనకు కావాల్సినవే వినపడతాయి' అనే నింద పడుతుంది. అది చాలా అన్యాయం. గట్టిగా అరిచినా పెద్దవయ్యేది అచ్చులే, హల్లులు వాటి కింద మునిగిపోతాయి. అదే మాటను రెట్టించకుండా వేరే మాటల్లో, ముఖం కనపడేలా, కాస్త నిదానంగా చెబితే చాలు.

ఇంకో చిక్కుంది. 4000 హెర్ట్జ్ దగ్గర 70 లోపు నాకేమీ వినపడదు, 100 దాటితే భరించలేను. మామూలు చెవికి దాదాపు 100 డెసిబెల్స్ జాగా ఉన్నచోట నాకున్నది 30. లోకంలోని చప్పుళ్లన్నిటినీ మిషన్ అందులోకి కుదించాలి. ఆ కుదింపు సరిగ్గా లేకపోతే స్టీలు పళ్లేలు తగిలినా, కుక్కర్ విజిల్ వేసినా చెవిలో గుచ్చినట్టుంటుంది. అలాంటప్పుడు మొత్తం వాల్యూమ్ తగ్గించమనకండి, మాటలూ పోతాయి. పెద్ద శబ్దాలకున్న గరిష్ఠ పరిమితిని మాత్రం దించమని వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే ఆడియాలజిస్ట్‌కు చెప్పండి.

కొనేటప్పుడు ఛానళ్లు (శబ్దాన్ని విడగొట్టి విడివిడిగా సర్దే భాగాలు) ఎన్ని అని కాదు, రియల్ ఇయర్ మెజర్‌మెంట్ చేస్తారా అని అడగండి. సన్నటి ట్యూబును కర్ణభేరి దగ్గరిదాకా పెట్టి, మిషన్ ఇచ్చే శబ్దం ఎంత చేరుతోందో కొలిచే పరీక్ష అది. ఇది లేకుండా కంప్యూటర్ వేసిన అంచనాతో పంపేస్తే ఖరీదైన మిషన్ కూడా సగమే పనిచేస్తుంది.

ఎదురెదురుగా కూర్చుంటే మిషన్ చాలా బాగుంటుంది. పెళ్లి భోజనాల దగ్గర, మైకు మోగే హాల్లో మాత్రం తేలిపోతుంది. ఆరుబయట మాట్లాడేవాళ్లు మీటరు నుంచి రెండు మీటర్లు జరిగితేనే మాట 6 డెసిబెల్స్ పడిపోతుంది, చుట్టూ ఉన్న హోరు మాత్రం తగ్గదు. సీలింగ్ ఫ్యాన్ గాలి మిషన్ మైకు రంధ్రానికి నేరుగా తగిలినా బరబరమంటుంది. కుర్చీ కాస్త జరిపితే పోతుంది.

ఉన్నట్టుండి శబ్దం తగ్గితే బ్యాటరీ తర్వాత చూడాల్సింది రిసీవర్ మూతి దగ్గరి వ్యాక్స్ గార్డ్, అంటే గుబిలి లోపలికి పోకుండా ఆపే చిన్న జల్లెడ. గుబిలి పట్టి తెల్లటి చుక్క పచ్చగా మారుతుంది. తుడవకండి, మార్చేయండి. బ్రష్ చేసేటప్పుడు రిసీవర్ మూతిని కిందికి వంచాలి, లేదంటే చెత్త లోపలికే పోతుంది. నీళ్లు, స్పిరిట్ తగలనివ్వద్దు. డోమ్ వదులైనా, చెవిలో గుబిలి నిండినా కుయ్‌మని ఈల వేస్తుంది. డోమ్ బిగించి పూర్తిగా మూసేస్తే మన గొంతే కుండలోంచి వచ్చినట్టుంటుంది. డోమ్‌లో గాలి రంధ్రం ఎంత ఉండాలన్నది ఈ రెంటి మధ్య బేరం.

గోధుమరంగు స్టిక్కరుండే 312 బ్యాటరీ దాదాపు వారం వస్తుంది. స్టిక్కరు పీకాక గాలి పట్టేదాకా ఒకట్రెండు నిమిషాలు ఆగి వేయండి. పసిపిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రమాదం. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి మిషన్‌ని తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది తప్పనిసరి, చెమట, తేమ రిసీవర్‌ను తినేస్తాయి.

ఆడియోగ్రామ్ గీత 90 డెసిబెల్స్ దాటిన ఫ్రీక్వెన్సీల్లో ఎంత పెంచినా స్పష్టత రాకపోవచ్చు. అలాంటివాళ్లు ఇంకా పెద్ద మిషన్ కొనేముందు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే పరికరం) గురించి అడగడం మంచిది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు మిషన్ కోసం అడిప్ (వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ) పథకం గురించి కూడా అక్కడ అడగవచ్చు.